డబుల్స్ మొదలవగానే లేచి వెళ్ళిపోకండి

టెన్నిస్‌లో అతి పెద్దవైన నాలుగు టోర్నీల్లో, అంటే గ్రాండ్‌స్లామ్‌ల్లో, సీనియర్ స్థాయిలో మనవాళ్ళు ఇప్పటిదాకా గెలిచిన ట్రోఫీలన్నీ ఇద్దరిద్దరు జోడీగా ఆడే డబుల్స్‌లోనో, మిక్స్‌డ్ డబుల్స్‌లోనో వచ్చినవే. సింగిల్స్‌లో ఒక్కటీ లేదు. 1997 ఫ్రెంచ్ ఓపెన్‌లో జపాన్ క్రీడాకారిణి రికా హిరాకితో కలిసి మహేష్ భూపతి మిక్స్‌డ్ గెలిచాడు, అదే మొదటిది. తర్వాత లియాండర్ పేస్ పురుషుల డబుల్స్‌లో 8, మిక్స్‌డ్‌లో 10 గెలిచాడు. మన హైదరాబాద్ సానియా మీర్జా మహిళల డబుల్స్‌లో 3, మిక్స్‌డ్‌లో 3 తెచ్చింది. 2024 జనవరిలో రోహన్ బోపన్న 43 ఏళ్ళ వయసులో మాథ్యూ ఎబ్డెన్‌తో కలిసి ఆస్ట్రేలియన్ ఓపెన్ పురుషుల డబుల్స్ గెలిచాడు. ఆ వయసులోనే ప్రపంచ నంబర్ వన్ కూడా అయ్యాడు.

ఇంత చరిత్ర ఉన్న దేశంలో, తర్వాతి మ్యాచ్ డబుల్స్ అని మైకులో చెప్పగానే స్టేడియంలో సగం మంది బ్యాగులు సర్దుకుని లేస్తారు. చెన్నైలో ఏళ్ళ తరబడి ఇది చూస్తూనే ఉన్నాను, చూసినప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది. అలా లేచేవాళ్ళకీ, వాళ్ళు లేచి వెళ్ళిపోయే వేళకి డబుల్స్ పెట్టే నిర్వాహకులకీ నేను చెప్పాలనుకున్నది ఇదీ: పురుషుల డబుల్స్ సింగిల్స్‌కి తోక కాదు. అది వేరే ఆట. దానికి వేరే చూపు కావాలి, వేరే వేళ కావాలి, టోర్నీలో దాని స్థానం దానికి ఇవ్వాలి. దేశంలో ఏ ఊరైనా ముందుగా ఈ పని చేయాలంటే అది చెన్నైయే.

మాది నెల్లూరు. నాన్న ఉద్యోగం వల్ల మద్రాసు వచ్చి కోడంబాక్కంలో ఉండిపోయాం. మా మేనమామ ఇల్లు నుంగంబాక్కంలో, టెన్నిస్ స్టేడియానికి నడిచి వెళ్ళేంత దూరం. 1995లో ఇక్కడ దక్షిణాసియా క్రీడలు జరిగినప్పుడు కట్టిన స్టేడియం అది. 1996లో ఢిల్లీలో మొదలైన ఏటీపీ (పురుషుల ప్రొఫెషనల్ టెన్నిస్ సంఘం) టోర్నీ మరుసటి ఏడాదే ఇక్కడికి వచ్చేసింది. మొదట్లో ఏప్రిల్ ఎండల్లో జరిగేది. తర్వాత కొత్త సంవత్సరం మొదటి వారానికి మారింది. అప్పటికి మార్గళి (ధనుర్మాసం) సంగీత కచేరీలు ఇంకా ముగిసి ఉండవు, ఇంట్లో సంక్రాంతి పనులు మొదలై ఉంటాయి. మామయ్య నన్ను తీసుకెళ్ళేవాడు. ఆయన బ్యాంకు ఉద్యోగి, కాలేజీ రోజుల్లో టెన్నిస్ బాగా ఆడినవాడు. పక్కన కూర్చుని నాకు చెప్పిన మొదటి మాట నాకింకా పనికొస్తోంది. "ఒరేయ్, బంతి వెంట తల తిప్పకు. నెట్ దగ్గర నిలబడినవాణ్ణి చూడు. వాడు కదిలితే పాయింటు ఎటు పోతుందో నీకే తెలుస్తుంది."

నెట్ దగ్గర ఉన్నవాణ్ణి చూడటం అలవాటయ్యేదాకా డబుల్స్ ఎవరికైనా గందరగోళంగానే ఉంటుంది. నలుగురు మనుషులు, మూడు నాలుగు దెబ్బల్లో పాయింటు అయిపోతుంది, ఏం జరిగిందో అర్థం కాదు. బోర్ అనడానికి అసలు కారణం అదేనని నా నమ్మకం. ఎలా చూడాలో మనకెవరూ చెప్పలేదు.

కొలతలతో మొదలుపెడదాం. సింగిల్స్ కోర్టు వెడల్పు 27 అడుగులు, డబుల్స్‌కి 36. రెండు పక్కలా నాలుగున్నర అడుగుల చొప్పున కలుస్తుంది. పొడవు మాత్రం అదే 78 అడుగులు, సర్వ్ పడాల్సిన పెట్టె కూడా అదే. మనుషులు రెట్టింపయ్యారు కానీ స్థలం మూడో వంతే పెరిగింది. అంటే ఒక్కొక్కరు కాపాడాల్సిన చోటు తగ్గింది, బంతి నేల మీద పడనివ్వకుండా గాల్లోనే కొట్టే (వాలీ) అవకాశం పెరిగింది. సింగిల్స్‌లో బేస్‌లైన్ (కోర్టు చివరి గీత) వెనక నిలబడి ఇరవై దెబ్బలు మార్చుకుని అవతలివాణ్ణి అలసిపోయేలా చేయొచ్చు. డబుల్స్‌లో అలా కుదరదు. రెండో దెబ్బకో మూడో దెబ్బకో నెట్ దగ్గరవాడు అడ్డం వచ్చేస్తాడు.

అందుకే సర్వ్ చేసే తీరే మారిపోతుంది. సింగిల్స్‌లో పక్కకి విసిరి ఏస్ (అవతలివాడు తాకలేని సర్వ్) కొడితే చప్పట్లు. డబుల్స్‌లో మంచి జోడీలు చాలాసార్లు మధ్య గీత మీదకే సర్వ్ చేస్తాయి. మధ్యలో పడిన బంతిని తిరిగి కొట్టేవాడికి పక్కకి కోణం దొరకదు, కోణం దొరక్కపోతే బంతి నెట్ దగ్గర ఉన్న భాగస్వామి చేతికి అందే దారిలోనే వస్తుంది. అతను అడ్డంగా దూకి వాలీ కొట్టేస్తాడు. దాన్నే పోచింగ్ అంటారు. చూసేవాళ్ళకి పాయింటు గెలిచింది వాలీ కొట్టినవాడని అనిపిస్తుంది, కానీ ఆ పాయింటు సర్వ్ చేసినవాడు సిద్ధం చేసి పెట్టింది. డబుల్స్‌లో పాయింటు ఒకరి పేరు మీద రాయడం నిజంగానే కష్టం.

ఇంకా నచ్చేది ఐ ఫార్మేషన్. సర్వ్ చేసేవాడి భాగస్వామి కోర్టు మధ్యలో, నెట్‌కి దగ్గరగా, దాదాపు మోకాళ్ళ మీద కూర్చున్నంత వంగుతాడు. సర్వ్ అతని తల మీదుగా వెళ్తుంది. ఆ తర్వాత అతను ఎడమకా కుడికా? వెనక చేయి పెట్టి వేళ్ళతో ముందే చెప్పి ఉంటాడు, సర్వ్ చేసేవాడు దానికి ఎదురు వైపు కాపాడాలి. అవతల రిటర్న్ చేసేవాడికి ఆ సంకేతం కనిపించదు. బంతి వచ్చే లోపల అతను ఊహించి కొట్టాలి. చూసి కొట్టే ఆట కాస్తా ఊహించి కొట్టే ఆట అవుతుంది. పాయింటుకీ పాయింటుకీ మధ్య ఇద్దరూ దగ్గరికొచ్చి బంతి నోటికి అడ్డం పెట్టుకుని మాట్లాడుకునేది ఈ సంగతే. వాళ్ళు కబుర్లు చెప్పుకుంటున్నారని మా వెనక వరసలో ఒకాయన అనడం విన్నాను. వెనక్కి తిరిగి ఆయనకి వివరంగా చెప్పాను. ఆ తర్వాత ఆయన మ్యాచ్ అయ్యేదాకా కదల్లేదు.

రిటర్న్ ఇంకో విద్య. బలంగా కొడితే చాలదు, నెట్ దగ్గరవాడికి అందకుండా వెళ్ళాలి. సర్వ్ చేసి ముందుకు పరిగెత్తుతున్నవాడి పాదాల దగ్గర పడేలా కొడితే అతను కింద నుంచి పైకి ఎత్తి కొట్టక తప్పదు, ఎత్తిన బంతి మీద రిటర్న్ చేసిన జోడీ విరుచుకుపడుతుంది. లేదంటే నెట్ మీద వంగి ఉన్నవాడి తల మీదుగా లాబ్ వేయాలి. అప్పుడప్పుడూ అతని పక్క సందులోంచి నేరుగా ఒకటి కొట్టాలి. అది పాయింటు తేకపోయినా అతన్ని మధ్యలోకి దూకకుండా కట్టి ఉంచుతుంది. ఇక ఇద్దరి మధ్యకి వచ్చే బంతి ఉంది. ఎవరిది? కోర్టు అంతటికీ అతి ప్రమాదకరమైన చోటు ఏ మూలో కాదు, ఇద్దరు స్నేహితుల మధ్య ఉన్న ఆ రెండడుగుల ఖాళీ. ఎడమచేతి వాటం, కుడిచేతి వాటం కలిసిన జోడీ అయితే లెక్క మళ్ళీ మారుతుంది. ఇద్దరి ఫోర్‌హ్యాండ్‌లూ (ఆడే చేతి వైపు నుంచి కొట్టే దెబ్బలు) మధ్యకి వచ్చేలా నిలబడొచ్చు, ఎండ కళ్ళలో పడకుండా ఎవరు ఏ వైపు నుంచి సర్వ్ చేయాలో చూసుకోవచ్చు. చెన్నై మధ్యాహ్నాల్లో ఇది చిన్న లాభం కాదు.

ఇదంతా తెలిసిన ఊరు చెన్నై. 1966లో మెల్‌బోర్న్‌లో, దేశాల మధ్య జరిగే డేవిస్ కప్ ఫైనల్లో (అప్పట్లో దాన్ని ఛాలెంజ్ రౌండ్ అనేవారు) ఆస్ట్రేలియా మనల్ని 4-1తో ఓడించింది. ఆ ఒక్కటీ ఎక్కడ వచ్చిందంటే డబుల్స్‌లో. మద్రాసు వాడైన రామనాథన్ కృష్ణన్, జైదీప్ ముఖర్జీ కలిసి జాన్ న్యూకోంబ్, టోనీ రోచ్‌ల జోడీని వాళ్ళ దేశంలోనే ఓడించారు. పదేళ్ళ తర్వాత, 1976లో, మద్రాసు అన్నదమ్ములు ఆనంద్, విజయ్ అమృతరాజ్ వింబుల్డన్ డబుల్స్ సెమీఫైనల్ ఆడారు. ఆ కుటుంబం 1985లో ఇక్కడ పెట్టిన అకాడమీకే కలకత్తా నుంచి లియాండర్ పేస్ చిన్నవాడిగా వచ్చి చేరాడు. మహేష్ భూపతి పుట్టింది ఈ ఊళ్ళోనే.

వీళ్ళిద్దరూ కలిసి గెలిచిన మొదటి ఏటీపీ టైటిల్ 1997లో నుంగంబాక్కంలో వచ్చింది. 1998, 1999ల్లో కూడా వాళ్ళే. ఆ 1999లోనే నాలుగు గ్రాండ్‌స్లామ్‌ల్లోనూ ఫైనల్ దాకా వెళ్ళి, ఫ్రెంచ్ ఓపెన్, వింబుల్డన్ గెలిచి, ప్రపంచంలో మొదటి ర్యాంకు అందుకున్నారు. 2002లో చెన్నైలో మళ్ళీ. ఆ తర్వాత మాటలు లేకుండా విడిపోయిన కాలం అందరికీ తెలిసిందే. 2011 జనవరిలో మళ్ళీ కలిసి ఇక్కడికొచ్చి ఐదోసారి గెలిచారు. ఆ నెలాఖరుకే ఆస్ట్రేలియన్ ఓపెన్ ఫైనల్లో ఉన్నారు. వాళ్ళ మధ్య ఎంత దూరం పెరిగినా, మధ్యకి వచ్చిన బంతి ఎవరిదో అని ఒక్కసారి కూడా తడబడినట్టు నాకు కనిపించలేదు. ఆ వారం స్టేడియంలో డబుల్స్ మొదలయ్యాక ఎవరూ లేవలేదు, బయటున్నవాళ్ళు లోపలికి తోసుకొచ్చారు. కాబట్టి చెన్నై జనానికి డబుల్స్ ఇష్టం లేదని ఎవరైనా అంటే నేను నమ్మను. తెలిసిన మొహం ఉంటే, కథ తెలిస్తే కూర్చుంటారు. మిగతావాళ్ళ కథ వాళ్ళకి చెప్పేవాళ్ళు లేరు.

ఈ ఊరి సభల్లో కచేరీకి వెళ్ళేవాళ్ళకి ఒక దృశ్యం బాగా తెలుసు. గాయకుడు ఆపి మృదంగానికీ ఘటానికీ తని ఆవర్తనం వదలగానే వెనక వరసలు క్యాంటీన్ వైపు కదులుతాయి. ఆ పదిహేను నిమిషాల్లో వేదిక మీద జరిగేది కచేరీలోకెల్లా కష్టమైన లెక్క. తెలిసినవాళ్ళు ముందు వరసల్లో తాళం వేస్తూ కూర్చుంటారు. టెన్నిస్‌లో డబుల్స్ గతి అచ్చం అదే.

ఇక ఎప్పుడూ వినే అభ్యంతరం దగ్గరికి వద్దాం. "సింగిల్స్‌లో నెగ్గలేనివాళ్ళు ఆడుకునేది డబుల్స్." మా ఆఫీసులో మధ్యాహ్నం భోజనాల దగ్గర ఈ మాట చాలాసార్లు వచ్చింది. దీనికి ఆధారంగా చెన్నై చరిత్రనే నా ముందు పెడతారు. 2004లో ఇక్కడ డబుల్స్ గెలిచింది ఎవరు? పదిహేడేళ్ళ రఫెల్ నదాల్, టామీ రోబ్రెడోతో కలిసి. 2013లో? స్టాన్ వావ్రింకా, బెన్వా పేర్. 2007లో జేవియర్ మలిస్ ఒకే వారంలో సింగిల్స్, డబుల్స్ రెండూ ఎత్తుకుపోయాడు. సింగిల్స్ వాళ్ళు సరదాగా వచ్చి గెలుచుకుపోయే ఆటకి ప్రత్యేక నైపుణ్యం ఏముంది, అని.

వాదన బాగానే ఉంది, అందుకే జవాబు కూడా జాగ్రత్తగా చెప్పాలి. మంచి చేతులున్న సింగిల్స్ ఆటగాడు డబుల్స్ ఆడగలడు, అందులో సందేహం లేదు. నదాల్ 2016లో మార్క్ లోపెజ్‌తో కలిసి ఒలింపిక్ స్వర్ణం కూడా గెలిచాడు. కానీ పక్కన ఉన్నవాళ్ళని కూడా చూడండి. మలిస్ పక్కన ఉన్నది డిక్ నార్మన్, రెండు మీటర్లకి పైన పొడుగున్న ఎడమచేతి సర్వర్. లోపెజ్ డబుల్స్ మీదే బతికిన మనిషి. 2007 ఫైనల్లో మలిస్, నార్మన్‌ల చేతిలో ఓడిపోయిన జోడీలో ఉన్నది సాక్షాత్తు నదాలే. అప్పటికి అతను రెండు ఫ్రెంచ్ ఓపెన్లు గెలిచి ఉన్నాడు.

దీనికి ఇంకా పెద్ద పరీక్ష 2025లో జరిగింది. యూఎస్ ఓపెన్ వాళ్ళు మిక్స్‌డ్ డబుల్స్‌ని మెయిన్ టోర్నీకి ముందు రెండు రోజుల్లోకి కుదించి, 16 జోడీలకి తగ్గించి, సింగిల్స్ తారలతో నింపారు. విజేతలకి పది లక్షల డాలర్లు ప్రకటించారు. డబుల్స్ స్పెషలిస్టులకి అందులో దాదాపు చోటే లేకుండా పోయింది. చోటు దొరికిన ఇటలీ జోడీ సారా ఎర్రానీ, ఆండ్రియా వవస్సోరి చివరికి సింగిల్స్ తారలు ఇగా శ్వియాంతెక్, కాస్పర్ రూడ్‌లని ఓడించి ట్రోఫీ తీసుకెళ్ళారు. అంతకుముందు ఏడాది గెలిచింది కూడా వాళ్ళే. పది లక్షల డాలర్లు ముందుంటే ఎవరూ సరదాకి ఆడరు కదా. రెండు రోజులు స్టేడియం నిండిన మాట నిజం, అది మంచిదే. నిండిన ఆ స్టేడియంలో జనం చూసింది ఒక డబుల్స్ జోడీ పనితనాన్ని.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. 2025 వింబుల్డన్‌లో పురుషుల సింగిల్స్ విజేతకి 30 లక్షల పౌండ్లు. డబుల్స్ విజేతల జోడీకి 6 లక్షల 80 వేలు, అంటే ఒక్కొక్కరికి 3 లక్షల 40 వేలు. దాదాపు తొమ్మిదో వంతు. ఆ ఏడాది గెలిచిన జూలియన్ క్యాష్, లాయిడ్ గ్లాస్‌పూల్ 1936 తర్వాత ఆ ట్రోఫీ గెలిచిన మొదటి పూర్తి బ్రిటిష్ జోడీ. సొంతగడ్డ మీద అంత పెద్ద సంగతి జరిగినా విలువ మాత్రం తొమ్మిదో వంతు. సమానంగా ఇవ్వాలని నేను వాదించను. టికెట్లు ఎక్కువ అమ్ముడయ్యేది సింగిల్స్‌కే. కానీ మంచి కోర్టు, మంచి వేళ ఇవ్వకుండా, టీవీలో చూపించకుండా, జనం రావట్లేదు కాబట్టి తక్కువ ఇస్తున్నాం అనడం న్యాయం కాదు. ఒక టోర్నీలో డబుల్స్ సెమీఫైనల్‌ని ఆఖరి నిమిషంలో పక్క కోర్టుకి మార్చారు. అక్కడ స్కోరు బోర్డు కూడా పని చేయడం లేదు. స్కోరు ఎంతయిందో అంపైర్ గొంతు వినబడితే తెలిసినట్టు, లేకపోతే లేదు. అలాంటి చోట ఎవరు కూర్చుంటారు?

రూల్స్ విషయంలో నాకు రెండు అభిప్రాయాలున్నాయి. 2006 నుంచి ఏటీపీ టోర్నీల డబుల్స్‌లో డ్యూస్ (40-40) దగ్గర అడ్వాంటేజ్, అంటే వరసగా రెండు పాయింట్లు గెలవాలన్న నియమం, లేదు. 40-40 అయితే ఒక్క పాయింటే నిర్ణయిస్తుంది, ఏ వైపు నుంచి రిటర్న్ చేయాలో అందుకునే జోడీ ఎంచుకుంటుంది. ఇది నాకు ఇష్టం. ఆ ఒక్క పాయింటు ముందు ఇద్దరూ తలలు దగ్గర పెట్టి ఎవరు అందుకోవాలో తేల్చుకునే క్షణం డబుల్స్‌కే సొంతం, సింగిల్స్‌లో అలాంటిది రాదు. ఆ టెన్షన్ స్టాండ్స్‌లో కూడా తెలుస్తుంది.

చెరో సెట్ గెలిచాక మూడో సెట్ తీసేసి పది పాయింట్ల టైబ్రేక్ (కనీసం రెండు పాయింట్ల తేడాతో ముందుగా పది అందుకున్నవాళ్ళదే గెలుపు) పెట్టడం మాత్రం నాకు ఎప్పటికీ మింగుడుపడదు. మొదటి సెట్ ఓడిన జోడీ ఏం మార్చుకుంది, దానికి అవతలివాళ్ళు ఏం జవాబిచ్చారు, ఈ కథ పండేది మూడో సెట్‌లో. దాన్ని పది నిమిషాల్లో ముగించేస్తే అదృష్టానికి పెద్ద పీట వేసినట్టే. 2024 ఫిబ్రవరిలో నుంగంబాక్కంలో జరిగిన ఛాలెంజర్ (ఏటీపీ టోర్నీలకి ఒక మెట్టు కింది టోర్నీ) ఫైనల్ చూస్తే నా బాధ అర్థమవుతుంది. ఒకవైపు మన సాకేత్ మైనేని, చెన్నై రామ్‌కుమార్ రామనాథన్. అవతల హైదరాబాద్ కుర్రాడు రిత్విక్ చౌదరి బొల్లిపల్లి, నిక్కీ పూనాచ. మొదటి సెట్ రిత్విక్ జోడీది, రెండోది సాకేత్ జోడీది. నెట్‌కి రెండు వైపులా తెలుగువాళ్ళున్న ఫైనల్, రసపట్టులో పడిన చోట, మూడో సెట్ లేదు! టైబ్రేక్‌లో సాకేత్, రామ్‌కుమార్ గెలిచారు. మరుసటి వారం బెంగళూరులో కూడా వాళ్ళే గెలిచారు, అంటే ఫామ్ వాళ్ళదేనని ఒప్పుకోవాలి. అయినా ఆ మూడో సెట్ ఎలా ఉండేదో అని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. గ్రాండ్‌స్లామ్‌ల పురుషుల డబుల్స్‌లో మూడో సెట్ పూర్తిగా ఆడిస్తున్నారు. వారం పొడవునా టైబ్రేక్ పెట్టుకోండి, కనీసం ఫైనల్లో పూర్తి సెట్ ఆడించమని అడగడం గొంతెమ్మ కోరిక కాదనుకుంటాను.

మామయ్యతో నాకు గట్టిగా పేచీ వచ్చేది ఇంకో చోట. "మనవాళ్ళు డబుల్స్‌కి అలవాటు పడే సింగిల్స్‌ని వదిలేశారురా" అనేవాడు ఆయన. ఈ మాటలో నిజం ఉంది, దాన్ని దాటేసి పోలేను. సింగిల్స్‌లో పైకి రావాలంటే ఏళ్ళ తరబడి కోచ్, ఫిజియో, విమానం టికెట్లు, హోటళ్ళు అన్నీ సొంత జేబులోంచి పెట్టుకోవాలి. ఇరవై ఐదు దాటిన కుర్రాడు మోకాలి నొప్పితో రెండువందల ర్యాంకు దగ్గర ఆగిపోతే డబుల్స్ వైపు చూడక ఏం చేస్తాడు? యూకీ భాంబ్రీ గాయాలతో ఏళ్ళు పోగొట్టుకుని డబుల్స్‌కి మారాడు. 2025 యూఎస్ ఓపెన్‌లో మైకేల్ వీనస్‌తో సెమీఫైనల్ దాకా వెళ్ళాడు. ఇది వదిలేయడం ఎలా అవుతుంది మామయ్యా, అని అడిగేవాణ్ణి. సింగిల్స్ ఆటగాళ్ళు తయారు కాకపోవడానికి కారణాలు కోర్టుల కొరతలోనూ, ఖర్చులోనూ, మన దగ్గర జరిగే టోర్నీల సంఖ్యలోనూ ఉన్నాయి. 2017 తర్వాత ఏటీపీ టోర్నీ చెన్నైని వదిలి పూణేకి వెళ్ళిపోయింది, కొన్నేళ్ళకి అక్కడా లేకుండా పోయింది. దాని నష్టం సింగిల్స్‌కీ డబుల్స్‌కీ సమానంగానే జరిగింది. 2024 ఆస్ట్రేలియన్ ఓపెన్‌నే తీసుకోండి. బోపన్న డబుల్స్ గెలిచిన ఆ టోర్నీలోనే సుమిత్ నాగల్ సింగిల్స్ మొదటి రౌండ్‌లో సీడెడ్ ఆటగాడు (ర్యాంకు బాగుండటం వల్ల టోర్నీలో ముందే వరస నంబరు దక్కినవాడు) బుబ్లిక్‌ని ఓడించాడు. గ్రాండ్‌స్లామ్ సింగిల్స్‌లో మనవాడొకడు సీడ్‌ని ఓడించడం 1989 తర్వాత అదే మొదటిసారి. ఒకటి పెరిగితే ఇంకోటి తగ్గుతుందనే లెక్క నాకెక్కడా కనిపించలేదు.

పైగా ఈ ఊళ్ళో టెన్నిస్ ఆడే మామూలు మనుషులు ఆడేదంతా డబుల్సే. మా అపార్ట్‌మెంట్లకి దగ్గర్లో గంటకింతని ఇచ్చే కోర్టు ఒకటి ఉంది. ఆదివారం తెల్లవారుజామున అక్కడ చేరే తెలుగువాళ్ళలో ఎక్కువమంది నలభై దాటినవాళ్ళే. కోర్టు తక్కువ, మనుషులు ఎక్కువ, మోకాళ్ళు అంతంతమాత్రం. నలుగురూ కలిసి ఆడితేనే అందరికీ గిట్టుబాటు. "రావుగారూ, మధ్యలోది మీదే!" అని అరుచుకుంటూ ఆడతారు. తాము వారం వారం ఆడే ఆటని, దాన్ని ప్రపంచంలోకెల్లా బాగా ఆడేవాళ్ళు పది కిలోమీటర్ల దూరంలో ఆడుతుంటే, వదిలేసి ఇంటికి వెళ్ళిపోవడం నాకు అర్థం కాని విషయం. వాళ్ళకి ఫోర్‌హ్యాండ్ నేర్పడానికి సింగిల్స్ ఛాంపియన్ ఉండొచ్చు, కానీ ఆదివారం మ్యాచ్‌లో పనికొచ్చే పాఠాలు డబుల్స్‌లోనే ఉన్నాయి. ఎప్పుడు దూకాలి, ఎప్పుడు ఆగాలి, లాబ్ వస్తే వెనక్కి ఎవరు పరిగెత్తాలి.

2017లో ఏటీపీ టోర్నీ చెన్నైలో చివరిసారి జరిగినప్పుడు డబుల్స్ ఫైనల్ ఆడిన నలుగురూ మనవాళ్ళే. బోపన్న, చెన్నై కుర్రాడు జీవన్ నెడుంచెళియన్ ఒకవైపు. పూరవ్ రాజా, దివిజ్ శరణ్ అవతల. బోపన్న జోడీ 6-3, 6-4తో గెలిచింది. జీవన్‌కి అదే మొదటి ఏటీపీ టైటిల్. ఏడేళ్ళ తర్వాత, 2024లో, అదే జీవన్ ఇంకో చెన్నై ఆటగాడు విజయ్ సుందర్ ప్రశాంత్‌తో కలిసి చైనాలోని హాంగ్‌ఝౌలో ఏటీపీ టైటిల్ గెలిచాడు. అదే ఏడాది మన రిత్విక్, అర్జున్ కఢేతో కలిసి కజకిస్తాన్‌లోని అల్మాటీలో గెలిచాడు. సొంత ఊరి ఇద్దరు కుర్రాళ్ళు ఏటీపీ టైటిల్ గెలిచి వచ్చినా, టీ నగర్ బస్సులో ఎవరి నోటా ఆ మాట వినబడలేదు.

నిర్వాహకులని నేను అడిగేవి పెద్దవేం కావు. డబుల్స్ సెమీఫైనళ్ళనీ ఫైనల్‌నీ సెంటర్ కోర్టులో, ఎండ తగ్గాక, ఆఫీసులు వదిలిన వేళకి పెట్టండి. ఆ వేళకి సింగిల్స్ ఉండాలంటే డబుల్స్‌ని దానికి ముందు పెట్టండి, తర్వాత పెట్టకండి. ముందు పెడితే సింగిల్స్ కోసం వచ్చినవాళ్ళు ఎలాగూ చూస్తారు. తెర మీద ఆటగాళ్ళ సింగిల్స్ ర్యాంకులు కాకుండా డబుల్స్ ర్యాంకులు, ఈ జోడీ ఎప్పటి నుంచి కలిసి ఆడుతోంది అన్నది చూపించండి. మ్యాచ్ మొదలయ్యే ముందు రెండు నిమిషాలు ఎవరైనా మైకులో ఐ ఫార్మేషన్ అంటే ఏమిటో తమిళంలో, ఇంగ్లిష్‌లో చెప్పనివ్వండి. ఇక్కడ తెలుగులో కూడా చెప్పొచ్చు, వినేవాళ్ళకి కొదవ లేదు. సింగిల్స్‌లో బాగా ముందుకు వెళ్ళిన ఆటగాళ్ళు డబుల్స్‌ని మధ్యలో వదిలేసి, ఆడకుండానే అవతలివాళ్ళకి గెలుపు (వాకోవర్) ఇచ్చే అలవాటుకి కూడా గట్టి హద్దు పెట్టాలి. టికెట్ కొన్నవాడికి ఆ రోజు దక్కేది ఖాళీ కోర్టు.

చూడటానికి వచ్చేవాళ్ళకి ఒక మాట. నుంగంబాక్కంలో డబుల్స్ చూడాలంటే నెట్‌కి ఎదురుగా పక్క స్టాండ్‌లో కూర్చోకండి, అక్కడ మెడ నొప్పి తప్ప ఏమీ మిగలదు. బేస్‌లైన్ వెనక, కొంచెం ఎత్తులో కూర్చుంటే నలుగురి కదలికా ఒకే చూపులో అందుతుంది. నెట్ దగ్గరవాడు వీపు వెనక చూపించే వేళ్ళు కూడా అక్కడి నుంచే కనిపిస్తాయి. మొదటి రెండు గేములు సర్వ్ చేసేవాణ్ణి పట్టించుకోకుండా ఆ వేళ్ళని మాత్రం చూడండి. అతను ఎటు దూకుతాడో మూడో గేము నుంచి పక్కవాళ్ళ కంటే ముందే మీకు తెలుస్తుంది.